మలాజ్ సెలూన్‌లో జడ వేయించుకుంటున్న పాప

రియాద్‌లోని మలాజ్‌లో నేను వెళ్ళే సెలూన్‌లో మూడు కుర్చీలుంటాయి, పనిచేసే మనిషి మాత్రం ఒక్కడే. జగిత్యాల దగ్గరి పల్లె అతనిది. వయసులో నాకంటే చిన్నవాడే అయినా, అక్కడికొచ్చేవాళ్ళంతా అన్నా అంటారు కాబట్టి నేనూ అన్నా అనే అంటాను. అతను నన్ను లైబ్రరీ సారు అంటాడు. అందులో ఎంత మర్యాద ఉందో అంత వెటకారమూ ఉంది.

నా తల మీద కత్తెరకి పెద్దగా పనేం లేదు. అయినా ఎనిమిదేళ్ళుగా ప్రతి శుక్రవారం, జుమా నమాజు ముగిసి షాపులు తెరిచే వేళకి అక్కడ ఉంటాను. గడ్డం గీయించుకోవడానికని చెప్పుకుంటాను. నేనుండే గదిలో ఇద్దరు బంగ్లాదేశీలు, ఒక నేపాలీ. వాళ్ళతో హిందీ. ఏసీ డక్టులు చేసే కంపెనీలో స్టోర్‌కీపర్ని, గోడౌన్లో నా మాటలన్నీ పార్టు నంబర్లే. ఇంటికి ఫోన్ చేస్తే నా భార్య "తిన్నారా" అంటుంది, నేను "తిన్నాను, నువ్వో" అంటాను. మాకు పిల్లల్లేరు. ఆ తర్వాత ఏం మాట్లాడాలో ఇద్దరం వెతుక్కుంటాం. వారం మొత్తానికి నేను నోరారా తెలుగు మాట్లాడేది ఆ సెలూన్ కుర్చీలోనే, అదీ సబ్బు నురగ నోట్లోకి పోకుండా చూసుకుంటూ.

మాది నరసాపురం దగ్గర. నా చదువు పదో తరగతితో ఆగింది. మిగతాదంతా మా శాఖా గ్రంథాలయం పెట్టిన భిక్షే. పేపర్లు చదవడానికొచ్చే పెద్దవాళ్ళు ఎండెక్కేసరికి వెళ్ళిపోయేవారు, ఆ పొడుగు బల్ల దగ్గర నేనొక్కణ్ణే మిగిలేవాణ్ణి. చరిత్ర, ఖగోళం, చేపల పెంపకం, చిత్రకళ, బీరువాలో ఏది ముందుంటే అది చదివాను. నా కార్డు మీద స్టాంపులు నిండిపోతే గ్రంథాలయం ఆయన దానికి ఇంకో కాగితం అంటించాడు. అలా అంటించిన కార్డు ఊరు మొత్తం మీద నాదొక్కటే. ఇది చెప్పుకోవడానికి నాకిప్పటికీ సిగ్గు లేదు.

ఇక్కడ తెలుగు లైబ్రరీ లేదు. సెలవుకి వెళ్ళొచ్చినప్పుడల్లా పచ్చడి డబ్బాల మధ్య రెండో మూడో పుస్తకాలు తెచ్చుకుంటాను, అవే తిప్పి తిప్పి చదువుతాను. అందుకేనేమో, సెలూన్ గోడ మీదున్న ఆ పటం నాకు చదవని పుస్తకంలా దొరికింది.

అది ప్లైవుడ్ పలక మీద బోర్డులు రాసే ఎనామిల్ రంగులతో వేసిన బొమ్మ. రెండు మూరల వెడల్పుంటుంది. పెంకుటింటి మెట్టు మీద ఒక ఆవిడ కూర్చుంది. ఆమె మోకాళ్ళ మధ్య అయిదారేళ్ళ పాప, మన వైపు తిరిగి నిలబడింది. ఒక జడ అయింది, రెండోది అల్లుతోంది. ఆవిడ బాగా వంగి ఉండటం వల్ల ఆమె మొహం జుట్టు చాటున పోయింది. పాపకి మాత్రం మొహమే లేదు. ఉండాల్సిన చోట ఉత్త చామనఛాయ రంగు. మెడ, చెవులు, చెవులకి పోగులు అన్నీ శ్రద్ధగా వేసి, మొహం మాత్రం వదిలేశాడు.

"ఇది షాపుతోటే వచ్చింది సారూ," అన్నాడు అన్న, నేను మొదటిసారి అడిగినప్పుడు. "నా ముందుగాల ఇక్కడ కేరళాయన ఉండె. ఫైనల్ ఎగ్జిట్ కొట్టించుకోని మొత్తానికే ఊరికి పోయిండు. ఎవరో బోర్డులు రాసేటాయన ఇచ్చిండట, దీన్ని మాత్రం తియ్యకు అని చెప్పిండు. జుట్టు బొమ్మనే గద, సెలూన్‌ల ఉంటే ఏమాయె అని ఉంచిన."

"మొహం ఎందుకు లేదో చెప్పలేదా?"

"నేను అడగలే, ఆయన చెప్పలే. మొహం లేకుంటెనే మంచిది. షాపు కఫీల్, గదే లైసెన్సున్న అరబ్బు సేటు, వచ్చి చూసిండు, ఏమనలే."

నాకు అంతే చాలింది. నాలుగైదు శుక్రవారాల్లో దానికొక చరిత్ర తయారు చేశాను. ప్రాణమున్నవాటి మొహాలు గీయకపోవడం ఈ ప్రాంతంలో పాతకాలం నుంచీ ఉన్న మర్యాదని ఎప్పుడో ఒక చిత్రకళ పుస్తకంలో రెండు వాక్యాలు చదివాను. ఆ రెండు వాక్యాలని సాగదీశాను. ఈ చిత్రకారుడు మన దేశం వాడై ఉండీ ఈ నేల సంప్రదాయాన్ని అర్థం చేసుకున్నాడని, తల్లి మొహాన్ని జుట్టుతోనూ బిడ్డ మొహాన్ని మౌనంతోనూ దాచాడని చెప్పేవాణ్ణి. బోర్డులు రాసేవాడన్న మాట నా చరిత్రలో ఇమడలేదు. కాబట్టి అతన్ని అజ్ఞాత చిత్రకారుడన్నాను.

కొత్తవాళ్ళెవరైనా వచ్చి కూర్చుంటే అన్నే అందించేవాడు. "గా బొమ్మ సంగతి మా లైబ్రరీ సారు చెప్తడు విను. గడ్డం అయ్యేదాక చెప్తడు. గడ్డం అయినంక గూడ చెప్తడు."

వాళ్ళు నవ్వేవారు, నేను చెప్పేవాణ్ణి. జుబైల్ రిఫైనరీలో షట్‌డౌన్ పని ముగించుకుని ఊరికెళ్తూ ఆగిన వెల్డర్లకి చెప్పాను. అల్ ఖర్జ్ డెయిరీలో పాలు పితికే మిషన్ల దగ్గర పనిచేసే ఒక కడప పెద్దాయనకి చెప్పాను. ఆయన అంతా విని, "మీరు మేస్టరా సామీ?" అని అడిగాడు. కాదనడానికి నాకు కాసేపు పట్టింది.

పోయిన ఎండాకాలం బొమ్మ పాడవడం మొదలైంది. ఏసీ గాలికో, జుట్టు ఆరబెట్టే మిషన్ వేడికో, పాప మొహం దగ్గర రంగు పగిలింది. మిగతా బొమ్మంతా పలచగా ఉంటే అక్కడొక్కచోటే రంగు మందంగా, కాలిన చేతి మీద బొబ్బలా లేచి ఉండేది. అది నాకు ముందునుంచీ తెలుసు. తెలిసీ దాని గురించి ఆలోచించలేదు. పాత చిత్రాలని ఎలా బాగుచేస్తారో కూడా ఆ పుస్తకంలో చదివినట్టు గుర్తు. ఎలా బాగుచేస్తారో గుర్తులేదు, బాగుచేస్తారని మాత్రం గుర్తుంది.

గోడౌన్ నుంచి ఉప్పుకాగితం తీసుకెళ్ళాను. గరుకుది, మధ్యరకం, నున్నది. అన్న ఒక నేపాలీ కుర్రాడికి క్రాపు చేస్తూ అద్దంలోంచి నన్ను చూశాడు.

"సారూ, గట్ల గీకితే ఖరాబ్ కాదా?"

"పైన పేరుకున్న దాన్ని తీసి చదును చేస్తారన్నా. పెద్ద పెద్ద మ్యూజియాల్లో చేసే పనే."

"నువ్వు సదువుకున్నోనివి. నాకు గడ్డాలు గీకుడే ఎరుక."

స్టూలెక్కి గీకడం మొదలుపెట్టాను. ముందు చామనఛాయ పొడి రాలింది. దాని కింద ఒక నల్లటి గీత బయటపడింది. నేనాగలేదు. ఆ గీత పోయి మళ్ళీ చామనఛాయ వచ్చింది, మళ్ళీ గోధుమరంగు, ఏదో తెలుపు, మళ్ళీ నలుపు. ఇంతకు ముందెప్పుడో మొహం వేయబోయి, కుదరక కప్పేసుకున్నాడన్నమాట అనుకున్నాను. నా సిద్ధాంతానికి అది అడ్డంగా ఉంది. సంప్రదాయాన్ని గౌరవించి మొహం వదిలేసినవాడు అసలు మొహం ఎందుకు వేస్తాడు? అందుకని ఇంకాస్త గట్టిగా రుద్దాను.

"అడుగున ఏదో కనబడ్తున్నది సారూ," అన్నాడు అన్న.

"పాత మరకలన్నా."

చెక్క తగిలేదాకా గీకి, మా గోడౌన్లో మిగిలిన ఎనామిల్ డబ్బాల్లోంచి రెండు రంగులు కలిపి, అచ్చంగా ఆ చామనఛాయే తెప్పించి పూశాను. చేత్తో తడిమితే అద్దంలా ఉంది. వచ్చినవాళ్ళంతా బాగుందన్నారు. ఆ వారమంతా నాకు మంచి నిద్ర పట్టింది.

అంతటితో ఊరుకోలేదు. రియాద్ తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపొకటుంది. ఎక్కువగా వీసాల సంగతులు, ఊరికెళ్ళేవాళ్ళు సామాను పట్టుకెళ్తారా అన్న ప్రశ్నలు నడుస్తాయి. కొన్ని నెలల కిందట అందులో ఆ పటం ఫోటో పెట్టి, దాని చరిత్రంతా పెద్ద వ్యాసంగా రాశాను. ఏడెనిమిది మంది దండాలు పెట్టారు. ఒకాయన దాని కిందే నిజామాబాద్‌కి మందులు పట్టుకెళ్ళేవాళ్ళెవరైనా ఉన్నారా అని అడిగాడు.

రెండు రోజుల తర్వాత తెలియని నంబరు నుంచి నాకు విడిగా సందేశం వచ్చింది. ప్రొఫైల్ ఫోటోలో నర్సు దుస్తుల్లో ఒకమ్మాయి. "నమస్తే అండీ. మీరు రాసింది చదివాను. ఆ బొమ్మలో పాప మొహం దగ్గర రంగు ఎత్తుగా ఉంటుందా? చేత్తో తడిమితే తెలిసేంత?"

ఎనిమిదేళ్ళలో ఆ పటం గురించి నన్నొకరు ప్రశ్న అడగడం అదే మొదటిసారి. వినేవాళ్ళు తప్ప అడిగేవాళ్ళు అప్పటిదాకా దొరకలేదు. రాస్తే సరిపోదనిపించి మాట్లాడి పంపాను. మూడు నిమిషాల పైనే మాట్లాడాను. "చాలా మంచి ప్రశ్న అడిగావమ్మా. నిజమే, అక్కడ రంగు బాగా పేరుకుని ఉండేది. అది బొమ్మ అందాన్ని చెడగొడుతోందని నేనే స్వయంగా ఉప్పుకాగితంతో తీసేసి, చదును చేసి, మళ్ళీ రంగు వేశాను. ఇప్పుడు చూస్తే..." ఇలా సాగింది. పాత చిత్రాల సంరక్షణ గురించి కూడా కొంత చెప్పాను.

ఆమె విన్నట్టు ఫోనులో నీలం గుర్తు పడింది. జవాబు మర్నాడు వచ్చింది.

"ఆ బొమ్మ మా డాడీ వేసిందండీ. నేనొకసారి చూడొచ్చా?"

నేను పంపిన మాటలని మళ్ళీ మొదటినుంచీ పెట్టుకుని విన్నాను. ఆ గొంతు ఎంత సంతోషంగా ఉందో అప్పుడు తెలిసింది. మూడో నిమిషంలో ఒక చోట నవ్వాను కూడా.

శుక్రవారం సాయంత్రం ఎండ తగ్గాక ఆమె వచ్చింది. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఒళ్ళంతా కప్పే నల్ల అబాయా, మెడలో ఆస్పత్రి కార్డు, కళ్ళజోడు. మగవాళ్ళ సెలూన్‌లోకి ఆడవాళ్ళు రారు. అద్దాల తలుపుకి రెండడుగుల దూరంలో పేవ్‌మెంట్ మీదే నిలబడిపోయింది.

"లోపటికి పిలిస్తే ఎవరన్న చూసి మాటంటరు సారూ," అన్నాడు అన్న నా చెవిలో. "బొమ్మనే బయటికి తెద్దాం."

స్క్రూలు విప్పాడు. అప్పుడే ఒక చెంప గీయించుకున్న పాకిస్తానీ డ్రైవరు, రెండో చెంప మీద నురగతోనే లేచొచ్చి తలుపు పట్టుకున్నాడు. "ఆరామ్ సే, భాయ్," అన్నాడు. బయట ప్లాస్టిక్ కుర్చీలో పటాన్ని నిలబెట్టాం.

ఆమె ముందు తల్లి చేతుల్ని చూసింది. తర్వాత వంగి, పాప మొహం మీద వేళ్ళు ఆనించి నెమ్మదిగా తిప్పింది. గాజు మీద తిప్పినట్టు వేళ్ళు జారిపోయాయి. పలకని వెనక్కి తిప్పి చూసింది. అక్కడ స్క్రూ బెజ్జాలు, ఎవరిదో కొలతల లెక్క పెన్సిల్‌తో రాసింది తప్ప ఏమీ లేదు. మళ్ళీ ముందుకి తిప్పింది.

"ఏడాదిన్నరైందండీ నేనొచ్చి," అంది. "డాడీ ఉత్తరాల్లో మలాజ్‌లో సెలూన్ అని మాత్రమే ఉంది. డ్యూటీ లేనప్పుడల్లా ఇటొచ్చి అద్దాల్లోంచి చూసేదాన్ని. మగవాళ్ళ సెలూన్లలోకి ఆడమనిషి తొంగి చూస్తే ఎలా ఉంటుందో మీకు తెలుసు కదా. రెండు చోట్ల తిట్టారు. ఈ వీధిలోకీ వచ్చాను. మీ తలుపుకి అప్పుడు హెయిర్‌స్టైల్ పోస్టరు ఉంది, లోపల కనపడలేదు."

"పండక్కి తీసేసిన బిడ్డా ఆ పోస్టరు," అన్నాడు అన్న, తప్పు తనదే అన్నట్టు.

నేను గీకే రోజుకి ఆమె ఈ ఊళ్ళోనే ఉంది.

ఆమె చెప్పింది ఇదీ. వాళ్ళది కాకినాడ వైపు. తండ్రి ఇక్కడ షాపుల బోర్డులు రాసేవాడు. మూడేళ్ళకొకసారి సెలవుకొచ్చేవాడు, ఆమెకి తొమ్మిదేళ్ళప్పుడు వచ్చింది ఆఖరు. ఏటా క్రిస్మస్‌కి ముందు వాళ్ళమ్మ ఆమెకి జడలు వేసి స్టూడియోకి తీసుకెళ్ళి ఫోటో తీయించేది. ఇక్కడికొచ్చేవాళ్ళెవరి చేతో దాన్ని పంపేది. తండ్రి ఉండే క్యాంపు గదిలో పన్నెండు మంది, మంచాల మీద మంచాలు, పటం పెట్టుకోవడానికి గోడ లేదు. అందుకని సెలూన్‌లో పెట్టుకున్నాడు. కొత్త ఫోటో రాగానే శుక్రవారం వచ్చి ఆ చిన్నపాప ఒంటి మీద ఆ ఏటి మొహం వేసేవాడు. షాపులో ఆడపిల్ల మొహం ఉంటే బాగుండదని అప్పటి సెలూన్ ఆయన అనడంతో, వారమే ఉంచుకుని, మళ్ళీ శుక్రవారం వచ్చి రంగుతో మూసేసేవాడు.

"మూసేసినా లోపల నువ్వే ఉంటావు అని రాసేవారు," అంది. "పది ఉండాలండీ ఇందులో. లేకపోతే తొమ్మిది."

నా సిద్ధాంతం పూర్తిగా అబద్ధం కాదన్నమాట. మొహం ఉండకూడదనే మూశారు. సగం నిజమవడం వల్ల నాకు ఇంకా సిగ్గేసింది.

"పదో తొమ్మిదో అంటే?" అడిగాను.

ఆమె పటం వైపే చూస్తూ చెప్పింది. "పద్నాలుగేళ్ళప్పుడు నాకు కళ్ళజోడు వచ్చింది. స్కూల్లో అందరూ ఏడిపించేవారు. డాడీ ఆ ఏడూ రాలేదు. అమ్మ బలవంతం మీద ఫోటో దిగాను గానీ, దాని వెనకాల నేనే రాశాను, రావడం చేతకాకపోతే ఫోటోలు అడగొద్దు అని. పక్క వీధి ఆయన ఒకరు ఇటొస్తుంటే ఆయన చేత అమ్మ పంపింది. అమ్మ వెనకాల చూడలేదు. మూడు నెలలకి డాడీ ఇక్కడే గుండెపోటుతో పోయారు. ఆయనతో పాటు పెట్టె కూడా వచ్చింది. అందులో ఫోటోలన్నీ ఉన్నాయి, వరసగా, రబ్బరు బ్యాండు వేసి. అదొక్కటే లేదు."

"పట్టుకొచ్చినాయన్ని అడగలేదా అమ్మా?"

"ఇచ్చానన్నాడొకసారి. ఎవరికో ఇచ్చి పంపానన్నాడు ఇంకోసారి. ఇప్పుడాయన లేరు."

అన్న లోపలికెళ్ళి నీళ్ళ బాటిల్ తెచ్చి ఆమెకిచ్చాడు. డ్రైవరు రెండో చెంప మీద నురగ ఆరిపోతున్నా తలుపు దగ్గరే నిలబడ్డాడు. భాష తెలియకపోయినా లోపలికి వెళ్ళలేదు.

"అందితే వేసి ఉంటారండీ," అంది ఆమె. "కోపం వచ్చినా వేసి ఉంటారు. వేస్తే అన్నిటికంటే పైన ఉండేది అదే. కళ్ళజోడుంటుంది దానికి. మా రేడియాలజీలో పనిచేసే అమ్మాయిని అడిగాను కూడా, చెక్క మీద రంగులకి ఎక్స్‌రే తీస్తే లోపలివి కనిపిస్తాయా అని. తీసి చూద్దాం తీసుకురా అంది."

పాత చిత్రాలకి ఎక్స్‌రేలు తీసి అడుగున ఏముందో చూస్తారని నాకు తెలుసు. అది కూడా చదివాను.

ఆమె నా వైపు తిరిగింది. "మీరు తీసేటప్పుడు మొట్టమొదట ఏం కనిపించిందండీ?"

నేను నోరు తెరిచేలోపు అన్న నన్ను మోచేత్తో పక్కకి లాగాడు. అబద్ధం చెప్పేటప్పుడు గొంతు తగ్గించడం అతనికి రాదు, అందుకే ఇంకా దగ్గరికొచ్చాడు.

"కళ్ళజోడు ఉండె అని చెప్పు సారూ. ఒక్క మాట. ఇన్నేండ్ల సంది ఎన్ని చెప్పలే నువ్వు ఆ బొమ్మ మీద? ఇదొక్కటి చెప్తె ఏమైతది?"

"నువ్వు చూశావా అన్నా?"

"ఏదో ఉన్నట్టు కనబడ్డది గాని, ఏందో నాకేడ తెలిసింది? నువ్వే అడ్డమున్నవ్."

అతను చెప్పిన మాట నిజం. ఎనిమిదేళ్ళు నేను చూడనివాటి గురించి ధారాళంగా చెప్పాను. ఆ ఒక్క మాట చెప్పడం నాకేమీ కష్టం కాదు. ఆమె ఎదురుగా నిలబడి కళ్ళజోడు తీసి, అబాయా అంచుతో తుడిచి, మళ్ళీ పెట్టుకుంటోంది. నిజం చెప్పాలంటే నా నోటిదాకా వచ్చింది. కానీ ఆమె ఆ తర్వాత ఇంకేమైనా అడుగుతుందని భయమేసింది. ఫ్రేము ఏ రంగు అంటే? ఆమె దగ్గర సమాధానాలున్నాయి, నా దగ్గర లేవు.

"ఒక నల్లటి గీత కనిపించిందమ్మా," అన్నాను. "వంపుగా ఉంది. చూపుడువేలి గోరంత ఉంటుంది. కళ్ళజోడు కావచ్చు, కనుబొమ్మ కావచ్చు. నేనాగి చూడలేదు."

"వంపు పైకా అండీ, కిందికా?"

"ఏంటమ్మా?"

"కనుబొమ్మైతే పైకి వంగుతుంది కదా. కిందికి వంగితే మాత్రం కళ్ళజోడు అడుగు అంచే." వేలితో గాల్లో గీసి చూపించింది. "పైకా, కిందికా?"

అంత చిన్న ప్రశ్న. నేనా పేవ్‌మెంట్ మీద నిలబడి ఆ స్టూలు, ఆ ఉప్పుకాగితం, చేతి కింద రాలిన పొడి అన్నీ గుర్తుతెచ్చుకున్నాను. పొడి రంగు కూడా గుర్తొచ్చింది. ఆ గీత ఉన్నట్టు తెలుస్తోంది, వంపు తిరిగినట్టూ తెలుస్తోంది. ఎటు తిరిగిందో తెలియలేదు.

"తెలీదమ్మా," అన్నాను. "నన్ను క్షమించు."

ఆమె కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. డ్యూటీలో రోగి చెప్పింది రాసుకున్నట్టుగా తలూపింది. "మీరు చూసినంత రాసి పంపిస్తారా? ఏది ముందు, ఏది తర్వాత, ఏ రంగు. అమ్మ దగ్గర ఫోటోల కాపీలున్నాయి. పోల్చి చూసుకుంటాం."

"పంపిస్తాను."

"బొమ్మ తీస్కపో బిడ్డా," అన్నాడు అన్న. "నీదే. మేమేం జేసుకుంటం."

పాత చాదరు ఒకటి తెచ్చి చుట్టాడు. టాక్సీలో వెనక సీటు మీద పడుకోబెట్టాం. ఆమె ముందు కూర్చోకుండా దాని పక్కనే ఇరుక్కుని కూర్చుంది. తలుపు వేస్తూ, "థాంక్యూ అండీ," అంది. ఎందుకో నాకు తెలియదు.

మర్నాడు డ్యూటీ నుంచి రాగానే రాయడానికి కూర్చున్నాను. చరిత్ర రాసినప్పుడు నా వేళ్ళు ఆగలేదు, ఫోనులో ఎంత జరిపినా అయిపోని వ్యాసం అది. ఇప్పుడు రాసింది అర పేజీ కూడా కాలేదు. ముందు చామనఛాయ. దాని కింద నల్లగీత, వంపుగా, ఎటు వంగిందో గుర్తులేదు. మళ్ళీ చామనఛాయ. గోధుమరంగు. తెలుపు, పళ్ళు కావచ్చు, నవ్వుతున్న ఫోటో ఏదైనా ఉందేమో చూడండి. మళ్ళీ నలుపు. ఆ తర్వాత గట్టిగా రుద్దాను, ఏమీ చూడలేదు. చివర చెక్క. అంతే.

ఆమె రాసింది: "నవ్వుతున్నది ఉందండీ, పదేళ్ళప్పటిది. పైన గీత సంగతి గుర్తొస్తే ఎప్పుడైనా సరే చెప్పండి. ఎంత కాలమైనా పర్లేదు."

ఇది జరిగి మూడు నెలలు కావస్తోంది. శుక్రవారాలు వెళ్తూనే ఉన్నాను. బొమ్మ ఉన్నచోట గోడ రంగు మిగతా గోడకంటే కొత్తగా ఉంటుంది. కొత్తవాళ్ళొస్తే అన్న నాకు మాట అందించడు. నేనూ మాట్లాడను. నురగ పూసి, కుర్చీ వెనక్కి వాల్చగానే కళ్ళు మూసుకుని ఆ గీతని తెచ్చుకోవడానికి ప్రయత్నిస్తాను.

"నిద్ర పట్టిందా సారూ?" అంటాడు.

"లేదన్నా. చూస్తున్నాను."

"ఏమన్న కనబడ్డదా?"

మొదట్లో గీత మసకగా ఉండేది. ఎటూ తేలేది కాదు. ఈమధ్య నాలుగైదు వారాలుగా స్పష్టంగా కనిపిస్తోంది. కిందికి వంగి ఉంటుంది, ప్రతిసారీ కిందికే. పోయిన వారం దానికి ఫ్రేము మెరుపు కూడా వచ్చింది. ఆ మెరుపు చూసినప్పుడు, ఇది నేను ఉప్పుకాగితం కింద చూసిన గీత కాదని, ఆ అమ్మాయికి కావలసిన గీతని నేనే గీసుకుంటున్నానని తెలిసింది. ఇలాంటివి తయారు చేయడం నాకు బాగా వచ్చు.

ఆమె నంబరు ఫోనులో పైనే ఉంటుంది. నేనింకా ఏమీ రాయలేదు.